బల్ల దగ్గర రెండు కొలతలు: యుద్ధం, గర్భస్రావం, క్రైస్తవుల భిన్నాభిప్రాయం

గర్భస్రావ హక్కును సమర్థించే రాజకీయ నాయకులకు దివ్యసత్ప్రసాదం ఇవ్వవచ్చా అన్న ప్రశ్న 2004 వేసవిలో అమెరికా కాథలిక్ బిషప్పుల ముందుకు వచ్చింది. తర్వాతి ఏడాది పదహారవ బెనెడిక్ట్ పేరుతో పోపు అయిన కార్డినల్ జోసెఫ్ రాట్జింగర్ అప్పుడు వారికి కొన్ని సూచనలు పంపారు. యుద్ధం, మరణశిక్షల విషయంలో విశ్వాసి పోపుతో విభేదించినా అంతమాత్రాన సత్ప్రసాదానికి అనర్హుడు కాడని, గర్భస్రావం, కారుణ్య మరణాల విషయంలో మాత్రం అలాంటి వెసులుబాటు లేదని వాటి సారాంశం. అంతకు ఏడాది ముందే రెండవ జాన్ పాల్ పోపు ఇరాక్ యుద్ధాన్ని బాహాటంగా వ్యతిరేకించి, కార్డినల్ పియో లాఘిని దూతగా వాషింగ్టన్‌కు పంపారు. అటు ప్రొటెస్టెంట్లలో రిచర్డ్ ల్యాండ్ తదితర నాయకులు 2002 అక్టోబరులోనే అధ్యక్షుడు బుష్‌కు లేఖ రాసి, తలపెట్టిన ఆ యుద్ధం న్యాయయుద్ధ ప్రమాణాలకు తూగుతుందని చెప్పారు. యుద్ధం గురించి విభేదించే వెసులుబాటు క్రైస్తవ సంప్రదాయంలో ఉన్నమాట నిజమే. అయితే సంఘం దాన్ని కొన్ని భారాలతో కలిపి ఇచ్చింది. కాలక్రమంలో భారాలు జారిపోయి వెసులుబాటు ఒక్కటే మిగిలింది. ఈ రెండు అంశాల మీద క్రైస్తవుల చర్చ ఇంతగా చెడిపోవడానికి మూలం అక్కడే ఉందని ఈ వ్యాసం వాదిస్తుంది.

తొలి రచయితలు ఈ రెంటినీ ఒకే ఊపిరిలో మాట్లాడారు. క్రైస్తవులు నరమాంసం తింటారన్న నిందకు అథెనాగొరస్ దాదాపు 177లో చక్రవర్తి మార్కస్ అరీలియస్‌కు సమాధానం రాశాడు. న్యాయంగా మరణశిక్ష పడిన మనిషి చావును చూడటానికే మాకు మనసు రాదు, కత్తిసాము పందేలకు వెళ్లడం మానుకున్నాం, మందు వేసుకుని గర్భం పోగొట్టుకోవడాన్ని హత్య అంటాం, అలాంటి మేము మనుషుల్ని ఎలా చంపుతామని అతని తర్కం. నాలుగో శతాబ్దపు తొలి ఏళ్లలో లాక్టాన్షియస్ ఇంకా ముందుకు వెళ్లాడు. మనిషిని చంపరాదన్న ఆజ్ఞకు మినహాయింపే లేదని, నీతిమంతుడికి సైనికవృత్తి కూడదని చెప్పి, పసిగుడ్లను వదిలేసేవారిని వెంటనే అదే వాదనతో ఖండించాడు. ఆనాటివారు సైన్యానికి దూరంగా ఉన్నది విగ్రహారాధనకు జడిసేనని, రక్తపాతం పట్ల విముఖతతో కాదని కొందరు చరిత్రకారులు అంటారు. తెర్తుల్లియన్ సైనికుడి కిరీటం గురించి రాసిన పుస్తకం చాలా మేరకు వారి పక్షానే సాక్ష్యం చెబుతుంది. క్రైస్తవులు మార్కస్ అరీలియస్ సైన్యంలో ఉన్నారని, శిబిరాల నిండా తామే ఉన్నామని రాసినదీ అతనే. కాబట్టి తొలి సంఘమంతా అహింసావాద సంఘమనడం అతిశయోక్తి. కానీ మరో తొలి రచయిత ఓరిజెన్, లాక్టాన్షియస్‌ల వాదనలు విగ్రహాల మీద ఆధారపడలేదు. సైన్యంలో చేరినవారు చేరారు, కానీ రక్తం చిందించడం మామూలు పని అని బోధించిన గురువు మాత్రం తొలి మూడు శతాబ్దాల్లో కనిపించడు.

ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన సాక్ష్యం 374లో రాసిన ఒక లేఖ. కప్పదొకయలోని కైసరయకు బిషప్పుగా ఉన్న బసిల్, ఈకొనియ బిషప్పు అంఫిలోకియుస్ అడిగిన సందేహాలకు వరుసగా జవాబులిచ్చాడు. గర్భాన్ని బుద్ధిపూర్వకంగా పోగొట్టుకున్నది హత్యాదోషమేనని, పిండానికి రూపం ఏర్పడిందా లేదా అన్న లెక్క తమ దగ్గర లేదని రెండో నియమం. అయితే ప్రాయశ్చిత్తాన్ని చావుదాకా సాగదీయకుండా పదేళ్లతో ముగించమని, కాలం కన్నా పశ్చాత్తాపం తీరునే చూడమని అందులోనే చెప్పాడు. అదే లేఖలో పదమూడో నియమం యుద్ధంలో చంపడం గురించి. పూర్వులు దాన్ని హత్యగా లెక్కించలేదు, బహుశా ధర్మం కోసం పోరాడినవారిని క్షమించి ఉంటారు, అయినా ఆ చేతులు శుభ్రంగా లేవు కనుక మూడేళ్లపాటు సత్ప్రసాదానికి దూరంగా ఉండమని సలహా ఇవ్వడం మంచిదేమో అన్నాడు. బసిల్ ఈ రెంటినీ ఒకటి చేయలేదు. ఒకచోట తీర్పు, మరోచోట జంకుతూ ఇచ్చిన సలహా. అయినా ఇద్దరినీ సత్ప్రసాద బల్ల ముందు కొంతకాలం ఆపాడు. గెలిచి వచ్చిన సైనికుడు కూడా దేవుడికి జవాబుదారీయే అన్న స్పృహ ఆ మూడేళ్లలో ఉంది. రాట్జింగర్ సూచనల్లో కనిపించనిది సరిగ్గా ఇదే. అక్కడ ఒక్కరినే ఆపారు.

ఈ లేఖను ఆదర్శంగా చూపేవారు అందులోని అసమానతను దాటవేయకూడదు. స్త్రీకి పదేళ్లు, సైనికుడికి మూడు. గర్భానికి కారకుడైన పురుషుడి గురించి ఆ నియమం ఏమీ అడగదు. అటువంటి ప్రయత్నాల్లో స్త్రీలే తరచు చనిపోతారని బసిల్‌కు తెలుసు. ఆ సంగతి అతని చేతిలో ఆమె మీద మోపే దోషానికి తోడైందే తప్ప, ఆమెను అంతదాకా తెచ్చిన పరిస్థితిని విచారించడానికి దారి తీయలేదు. నియమాలు రాసినవారంతా పురుషులు కావడం దీనికి ఒక కారణమని ఒప్పుకోవడానికి సంకోచించనక్కర్లేదు.

ఆ నియమం కాగితం మీద మాటగా మాత్రమే మిగిలిందని కొట్టిపారేయలేం. పదో శతాబ్దంలో బైజాంటైన్ చక్రవర్తి నికెఫొరస్ ఫోకస్, యుద్ధంలో పడిపోయిన తన సైనికులను హతసాక్షులుగా గౌరవించమని కోరినప్పుడు పేట్రియార్క్, బిషప్పులు బసిల్ నియమాన్నే చూపించి నిరాకరించారు. పశ్చిమాన 1066 హేస్టింగ్స్ యుద్ధం తర్వాత పోపు ప్రతినిధి ఎర్మెన్‌ఫ్రిడ్ పేరున వెలువడిన శాసనం, తాను ఫలానా వారిని చంపానని తెలిసిన ప్రతి సైనికుడికీ ఒక్కో ప్రాణానికి ఒక్కో ఏడాది ప్రాయశ్చిత్తం విధించింది. ఇంగ్లండ్ మీద విలియం దండయాత్రకు పోపు మద్దతు ఉన్నా, గెలిచింది అతనే అయినా ఆ లెక్క తప్పలేదు. తెంపు వచ్చింది 1095లో. క్లెర్మాంట్ సభలో రెండవ అర్బన్ పోపు, భక్తితో యెరూషలేముకు సాగే దండయాత్రనే సమస్త ప్రాయశ్చిత్తంగా ప్రకటించాడు. దేనికోసం పశ్చాత్తాపపడాలో అదే పశ్చాత్తాపానికి బదులుగా చెల్లుబాటైంది. ఆ తర్వాతి కాలంలో అక్వినాస్ అధికారం, న్యాయమైన కారణం, సద్భావం అనే మూడు షరతులను చక్కగా క్రోడీకరించాడు. కానీ షరతులు నెరవేర్చి చంపినవాడి చేతులకు ఏమంటింది అన్న ప్రశ్న మాత్రం అప్పటికే పక్కకు జరిగింది.

గర్భస్రావం మీద బోధ మొదటి నుంచీ చెక్కుచెదరని రాయిలా ఉందన్నది ఇంకో అపోహ. అది తప్పు అన్న మాట నిలకడగానే ఉంది. ఎంత తప్పు, ఎప్పటి నుంచి అన్నవి మారుతూ వచ్చాయి. నిర్గమకాండం 21వ అధ్యాయంలోని నియమాన్ని గ్రీకు అనువాదం రూపు ఏర్పడిన పిండం, ఏర్పడనిది అని విడదీసింది. అగస్టీన్ దాన్ని లెక్కలోకి తీసుకున్నాడు, అక్వినాస్ అరిస్టాటిల్‌ను అనుసరించి ఆత్మ ప్రవేశం కొంత ఆలస్యంగా జరుగుతుందన్నాడు. గర్భస్రావాన్ని తీవ్రంగా ఖండించిన తెర్తుల్లియన్ సైతం, ప్రసవం జరగక తల్లి ప్రాణం పోయే స్థితిలో వైద్యులు చేసే శస్త్రక్రియను క్రూరమైన అవసరంగా వర్ణించాడు. ఐదవ సిక్స్‌టస్ పోపు 1588లో అన్ని దశలకూ ఒకే కఠిన శిక్ష పెడితే, పద్నాలుగవ గ్రెగరీ 1591లోనే దాన్ని సడలించాడు. దశల భేదం శిక్షాస్మృతి నుంచి తొలగింది 1869లో. ప్రొటెస్టెంట్ల మార్పు ఇంకా ఇటీవలిది. అత్యాచారం, పిండంలో తీవ్ర లోపం, తల్లి మానసిక ఆరోగ్యం వంటి కారణాలకు గర్భస్రావాన్ని అనుమతించే చట్టం కోసం పనిచేయమని సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ 1971లో తీర్మానించింది. 1980కల్లా ఆ వైఖరి తలకిందులైంది. ఈ చరిత్ర గర్భస్రావానికి సమర్థన కాబోదు. యుద్ధం విషయంలో నీతి ఎప్పుడూ పరిస్థితిని బట్టి, గర్భం విషయంలో ఎప్పుడూ పరిస్థితికి అతీతంగా అన్న విభజన మాత్రం దీని ముందు నిలవదు.

అసలు బలమైన అభ్యంతరం చరిత్రది కాదు, తర్కానిది. గర్భస్థ శిశువు నిర్దోషి, దాడికి వచ్చిన సైనికుడు కాడు, కనుక రెంటినీ పోల్చడమే తప్పంటారు. ఈ భేదాన్ని నేను అంగీకరిస్తాను. అయితే దాన్ని నిజాయితీగా పట్టుకున్నవారు ఎక్కడికి చేరారో చూడాలి. తత్వవేత్త ఎలిజబెత్ ఆన్‌స్కోమ్ గర్భస్రావానికి గట్టి వ్యతిరేకి, అహింసావాదానికీ వ్యతిరేకే. ఏ రక్తమైనా ఒకటేననే బోధ, నిర్దోషి రక్తానికున్న ప్రత్యేకతను చెరిపేస్తుందని ఆమె ఆరోపణ. ఆ సూత్రంతోనే 1956లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం హారీ ట్రూమన్‌కు గౌరవ పట్టా ఇవ్వడాన్ని ఎదిరించారు. హిరోషిమా, నాగసాకిల్లో కాలిపోయినవారు కూడా నిర్దోషులే కదా. రెండో వాటికన్ మహాసభ 1965లో వెలువరించిన పత్రం గర్భస్రావాన్ని ఘోర నేరమంది, నగరాలను జనంతో సహా నాశనం చేయడాన్ని దేవుడికీ మానవుడికీ వ్యతిరేకమైన నేరంగా ఖండించింది. అంటే నిర్దోషిత్వ సూత్రం యుద్ధాన్ని అభిప్రాయాల కోటాలోకి నెట్టదు. యుద్ధం మధ్యలోనే దాటరాని గీత గీస్తుంది. ఒక దేశం కత్తి దూయవచ్చా అన్నది వివేచనకు వదలవచ్చు, ఆసుపత్రి మీద, అన్నం నీళ్ల మీద దాడిని వదలలేం. ఎదుటి పక్షానికీ ఇదే వర్తిస్తుంది. ప్రతి బాంబునూ పాపమని చెప్పి, గర్భస్రావాన్ని కేవలం వ్యక్తిగత విషయంగా పక్కన పెట్టే క్రైస్తవులు, తమ సూత్రం గర్భాశయం గుమ్మం దగ్గర ఎందుకు ఆగిందో చెప్పాలి. వేదాంతి కార్ల్ బార్త్ 1951లో ఈ రెంటినీ ప్రాణరక్షణ అనే ఒకే విభాగంలో ఉంచి, రెండుచోట్లా గట్టిగా వద్దని చెప్పి, రెండుచోట్లా అతి అరుదైన సరిహద్దు స్థితిని ఒప్పుకున్నాడు. ఆయన సరిహద్దులు ఎవరికి నచ్చినా నచ్చకపోయినా, కొలత ఒకటే.

ఇక విభేదించేవారితో ఎలా మెలగాలన్న ప్రశ్నకు సంఘాల్లో సాధారణంగా వినిపించే జవాబు రోమీయులకు రాసిన పత్రిక 14వ అధ్యాయం. మాంసం తినేవాడు తిననివాణ్ణి తృణీకరించకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు. దీన్ని ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోవడం పొరపాటని నా అభిప్రాయం. పౌలు ఎదుట ఇద్దరూ బల్ల దగ్గరే ఉన్నారు, ఇద్దరికీ నోరుంది, ఎవరి భోజనం వల్ల ఎవరి ప్రాణమూ పోదు. యుద్ధం, గర్భస్రావాల చర్చలో నష్టపోయేవారు ఆ బల్ల దగ్గర ఉండరు. గర్భస్థ శిశువు ఉండదు, బాంబు పడిన ఊరివారు ఉండరు, చాలాసార్లు ఆ స్త్రీ కూడా ఉండదు. మనమిద్దరం సర్దుకుపోదాం అన్నంతమాత్రాన వారి లెక్క తేలదు. పౌలు మాటలో ఇక్కడికి తెచ్చుకోదగినది వాదించే తీరు. ఎదుటివాడి మనస్సాక్షిని అబద్ధమనకుండా, విషయాన్ని చిన్నది చేయకుండా, కారణాలు అడగడం, కారణాలు ఇవ్వడం. తెలుగు సంఘాలకు ఇందుకు అవకాశం కొంత ఎక్కువే ఉంది. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ప్రాంతాల మెన్నొనైట్ బ్రెదరిన్ సంఘాలు, ఆయుధం పట్టని అనాబాప్టిస్టు పరంపర నుంచి వచ్చిన మిషనరీల చేతుల్లో పుట్టాయి. ఆ పరంపర 1527 నాటి ష్లైట్‌హైమ్ ఒప్పుకోలు దాకా వెళుతుంది. నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టు సంఘాలది వేరే వారసత్వం, కాథలిక్ మేత్రాసనాలది మరొకటి. తెలుగులో బైబిలు చదివే ఈ మూడు వారసత్వాలవారు, సైన్యంలో చేరే యువకుడికి సంఘం ఏం చెప్పాలి, గర్భస్రావం చేయించుకుని వచ్చిన స్త్రీకి ఏం చెప్పాలి అన్న రెండు ప్రశ్నలనూ ఒకే రోజు, ఒకే సభలో చర్చకు పెట్టుకోవచ్చు. ఒకరిని ఆపాలని తీర్మానిస్తే రెండో వారిని ఎందుకు ఆపలేదో ఆ సభే రాతపూర్వకంగా చెప్పాల్సి వస్తుంది.