చదువురాని, యాప్‌లు వాడని ప్రయాణికులకు బస్సు సమాచారం

మహిళలకు ఉచిత బస్సు ప్రయాణ సౌకర్యం తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం కింద 2025 ఆగస్టు 15న ప్రారంభమైనది. ఈ సౌకర్యం అన్ని బస్సులకు వర్తించదు. తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సర్వీసులకు, ఆంధ్రప్రదేశ్‌లో వీటితోపాటు అల్ట్రా పల్లెవెలుగు సర్వీసులకు వర్తిస్తుంది. సూపర్ లగ్జరీ బస్సులలో టిక్కెట్టు కొనవలసిందే. కావున బస్సు ఎక్కడికి వెళ్తుందో, ఏ తరగతికి చెందినదో ఎక్కకముందే తెలియడం అవసరం.

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత పురుషులలో 74.88 శాతం, స్త్రీలలో 59.15 శాతం. అనగా ఏడేళ్లు, అంతకు పైబడిన స్త్రీలలో ప్రతి పదిమందికి నలుగురు బోర్డు చదవలేని స్థితిలో ఉండిరి. పథకం వల్ల అధికంగా లబ్ధి పొందవలసినది ఇట్టి వారే.

బస్సు ఎక్కడున్నదీ తెలిపే 'గమ్యం' యాప్‌ను తెలంగాణ రోడ్డు రవాణా సంస్థ 2023 ఆగస్టులో ప్రవేశపెట్టినది. అయితే యాప్ సేవ స్మార్ట్‌ఫోను, డేటా, చదవగల నేర్పు ఉన్నవారికే సులభం. రైల్వేలో 139 నంబరు ఇందుకు భిన్నమైనది. సాధారణ ఫోను నుండి కూడా ఈ నంబరుకు చేసి, 12 భాషలలో మాట ద్వారా సమాచారం పొందవచ్చును.

2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 41వ సెక్షను రవాణా సౌకర్యాల అందుబాటును, 42వ సెక్షను సమాచార అందుబాటును ప్రభుత్వ బాధ్యతగా పేర్కొన్నది. వినిపించే ప్రకటన చూపులేనివారికి, చదువురానివారికి సమానంగా ఉపకరిస్తుంది.

బస్ స్టేషనులో మైకు ప్రకటన, విచారణ కౌంటరు, పెద్ద అంకెలతో ప్లాట్‌ఫారం నంబరు ఇందుకు ముఖ్య సాధనాలు. ప్రకటనలో ఊరి పేరుతోపాటు ఉచిత ప్రయాణం వర్తించునదీ లేనిదీ చెప్పడం మేలు. దారిలోని స్టాపులలో ఈ బాధ్యత కండక్టరుపై పడుతుంది. డ్రైవరే టిక్కెట్లిచ్చే సర్వీసులలో ఊరి పేరు పిలిచేవారు ఉండరు గనుక అచట ప్రత్యేక శ్రద్ధ అవసరం. గ్రామాలలో చివరి బస్సు తప్పినచో ఆటోకు డబ్బు పెట్టుకొనవలెను, లేదా రాత్రి పొరుగూరిలో గడపవలెను. కావున వేళలు మారినపుడు యాప్‌లో సవరించుటతో సరిపెట్టక, గ్రామంలో టాంటాం వేయించి తెలియజేయడం ఆవశ్యకం.