రాయి, పటం, ప్రార్థన

పూర్వ ప్రిన్సిపాల్ కన్నుమూస్తే క్యాథలిక్ బడి పటానికి దండ వేసి, ఆత్మశాంతికి పూజ చేయిస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ఇది బయటి ఆచారమని కొందరంటారు. జగదల్‌పూర్ క్యాథలిక్ పీఠం 1972లోనే ఏర్పడిన మాట నిజమే. కానీ పోయినవారికి ఊరంతా కలిసి గుర్తు నిలపడం ఇక్కడ చాలా పాతది. మాడియా గోండులు నిలిపే స్మారక శిలను ఉరస్కల్ అంటారని బ్రిటిష్ అధికారి గ్రిగ్సన్ 1938 నాటి తన గ్రంథంలో రాశాడు. ఆ ‘కల్’ మన వీరగల్లులోని ‘గల్లు’కు తోబుట్టువు. దంతెవాడ దగ్గర గామావాడలో అలాంటి నిలువురాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. తర్వాతి కాలపు స్తంభాల మీద సైకిలూ, విమానమూ కూడా బొమ్మలయ్యాయి. పోయిన మనిషి బతుకు, కోరిక అందులో కనిపిస్తాయి.

నమ్మకాలు వేరు కదా అనవచ్చు. వేరే. రాయి చనిపోయినవారిని వంశపూర్వీకుల్లో కలిపితే, పూజ దేవుని దయను వేడుకుంటుంది. అయినా రెండూ పోయినవారికి బతికున్నవారి మధ్య ఒక చోటు అడుగుతాయి. ఆ చోటే ఇప్పుడు వివాదం. 2025 జనవరిలో బస్తర్‌కు చెందిన ఒక పాస్టర్‌ను ఎక్కడ ఖననం చేయాలన్నదానిపై సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ భిన్నాభిప్రాయానికి వచ్చారు. చివరికి సొంత ఊరికి దూరంగా, కర్కాపాల్‌లోని క్రైస్తవ శ్మశానంలో పూడ్చమన్నారు.