స్మారక విద్యానిధులు: గ్రామీణ పాఠశాలలకు అందిన చేయూత

కన్నుమూసిన వ్యక్తి పేరు నిలబెట్టడానికి కుటుంబ సభ్యులో, శిష్యులో, మిత్రులో కొంత సొమ్ము మూలధనంగా పెట్టి, దాని రాబడితో విద్యార్థులకు ఉపకార వేతనాలు, పుస్తకాలు, బహుమతులు, అదనపు శిక్షణ అందించే ఏర్పాటును స్మారక విద్యానిధి అంటారు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదో తరగతి ప్రథముడికి ఏటా ఇచ్చే చిన్న నగదు బహుమతి నుంచి, అనేక రాష్ట్రాల్లో వేలమందిని చదివించే పెద్ద ట్రస్టు దాకా అన్నీ ఈ కోవలోకే వస్తాయి. తెలుగు ప్రాంతాల్లోనూ, తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ బెంగళూరులోనూ ఈ నిధుల వెనక దానశాసనాల కాలం నుంచి వస్తున్న సంప్రదాయం ఉంది. దాత ఉద్దేశం కాలంతోపాటు మారుతూ వచ్చింది. మొదట పుణ్యం కోసం ఇచ్చారు, తర్వాత ప్రతిభను ఆదుకోవడానికి ఇచ్చారు, చివరికి బడికి దూరమైన పిల్లల దగ్గరికి వెళ్లారు.

పూర్వరంగం: శాసనాలలో ధర్మనిధి

అసలు ముట్టుకోకుండా రాబడినే ఖర్చుపెట్టాలన్న నియమం ఈ నిధులకు ప్రాణం. ఆ ఆలోచన బ్యాంకులకన్నా ఎంతో పాతది. నేడు బెంగళూరు నగరంలో కలిసిపోయిన మడివాళలో సోమేశ్వరాలయం ఉంది. అక్కడి 1247 నాటి తమిళ శాసనం, వెంగళూరు పెద్ద చెరువు కింది భూమిని వేప్పూరు, అంటే ఇప్పటి బేగూరు, వాసి ఒకరు దానం చేసిన సంగతి చెబుతుంది. చెరువు కింద మాగాణి కాబట్టి ఏటా పంట వస్తుంది. భూమి చేయి మారదు, ఫలం మాత్రం ధర్మానికి పోతుంది. నేటి భాషలో మూలధనం, వడ్డీ అన్న విభజన ఇదే.

ఈ పద్ధతి చదువుకు ఎలా ఉపయోగపడిందో గుంటూరు జిల్లా మల్కాపురం శాసనం (1261) చూపుతుంది. కాకతీయ గణపతిదేవుడు, ఆయన కుమార్తె రుద్రమదేవి శైవాచార్యుడు విశ్వేశ్వర శంభువుకు కృష్ణాతీరంలోని మందడం, వెలగపూడి గ్రామాలు ఇచ్చారు. ఆ రాబడితో ఆయన ఆధ్వర్యంలోని గోళకీ మఠం విద్యార్థులకు చదువు చెప్పించింది, అన్నసత్రం నడిపింది, ప్రసూతిశాల, ఆరోగ్యశాల పోషించింది. చదువు, తిండి, వైద్యం ఒకే నిధి కింద ఉండాలన్న దూరదృష్టి ఇందులో కనిపిస్తుంది. అయితే అక్కడ చెప్పింది వేదాలు, ఆగమాలు, శాస్త్రాలు. పొలంలో పనిచేసే కుటుంబాల పిల్లలకు ఆ గడప దాటే వీలు లేదు.

వీలునామాలు, ట్రస్టులు

ఆధునిక పద్ధతికి దక్షిణాదిన తొలి పెద్ద ఉదాహరణ మద్రాసు దుబాసీ పచ్చయ్యప్ప మొదలియార్ (1754–1794) ఆస్తి. ఆయన వీలునామాలో ప్రధానంగా దేవాలయ ధర్మాల ప్రస్తావన ఉంది. ఆయన మరణం తర్వాత ఆస్తిపై దశాబ్దాలపాటు వ్యాజ్యాలు నడిచాయి. చివరకు ధర్మాలకు పోగా మిగిలిన సొమ్ము విద్యకు వెచ్చించే ఏర్పాటు జరిగి, 1842లో మద్రాసులో పచ్చయ్యప్ప పాఠశాల మొదలైంది. అదే పెరిగి కళాశాల అయింది. అప్పటి మద్రాసు రాజధానిలో తెలుగు జిల్లాలు కూడా భాగం కావడంతో తెలుగు విద్యార్థులూ అక్కడ చదివారు. బెంగళూరు దండు ప్రాంతంలో వ్యాపారి ఆర్కాట్ నారాయణస్వామి మొదలియార్ 1873లో పాఠశాల స్థాపించారు. ఆయన పేరిట ఏర్పడిన విద్యాధర్మ సంస్థ నేటికీ పనిచేస్తోంది.

1890లో వచ్చిన ధర్మనిధుల చట్టం, ప్రజోపయోగానికి ఇచ్చిన సొమ్మును ప్రభుత్వ కోశాధికారి పేరిట భద్రపరిచే వీలు కల్పించింది. 1892లో జంషెడ్జీ టాటా విదేశీ ఉన్నత విద్యకు రుణ రూపంలో ఉపకార వేతనాలిచ్చే నిధి ఏర్పాటు చేశారు. చదువుకుని స్థిరపడినవారు తిరిగి కట్టే సొమ్ముతో తర్వాతి తరం చదువుతుంది. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం 1906లో హితకారిణీ సమాజం స్థాపించి తన ఆస్తిని దానికి ధారపోశారు.

ఈ నిధులు చాలావరకు పట్టణాల్లోని పాఠశాలలకు, కళాశాలలకు చెందినవి. పల్లెటూరి కుర్రవాడికి ఫీజుకన్నా ముందు ఎదురయ్యే సమస్య తిండి, బస. అందుకు తెలుగునాట వారాలు చేసుకుని చదువుకునే ఆనవాయితీ ఉండేది. సోమవారం ఒకరింట్లో, మంగళవారం మరొకరింట్లో భోంచేస్తూ చదువు పూర్తిచేసినవారి స్వీయచరిత్రలు తెలుగులో కొల్లలు. ఆ ఆదరువు కూడా కులం గీత దాటలేదు. ఈ లోటును వసతి గృహాలు కొంత తీర్చాయి. నిజాం రాజ్యంలో కొత్వాలుగా పనిచేసిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి చొరవతో 1918లో హైదరాబాదులో వెలసిన రెడ్డి హాస్టల్, తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన విద్యార్థులకు నీడనిచ్చింది.

బడిలో శాశ్వత బహుమతులు

స్వాతంత్ర్యం తర్వాత పల్లెల్లో ఉన్నత పాఠశాలలు పెరిగేకొద్దీ స్మారక నిధి గ్రామం దాకా చేరింది. తండ్రి పేరిట, తల్లి పేరిట, రిటైరయిన మాస్టారి పేరిట కొంత మొత్తం బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తారు. వడ్డీని ఏటా ఆగస్టు 15న జెండా వందనం తర్వాత ప్రధానోపాధ్యాయుడి చేతుల మీదుగా మార్కుల్లో మొదటి స్థానం పొందిన విద్యార్థికి అందిస్తారు. ఇలాంటి బహుమతుల పట్టిక, దాతల పేర్లతో సహా, ఆఫీసు గది గోడ మీద రంగుతో రాయించి ఉండే పాఠశాలలు తెలుగు రాష్ట్రాల్లో చాలా ఉన్నాయి.

ఈ చిన్న నిధులకు పెద్ద శత్రువు ధరల పెరుగుదల. ఉదాహరణకు, పదివేల రూపాయల డిపాజిట్ మీద పదిశాతం వడ్డీ వస్తే ఏడాదికి వెయ్యి రూపాయలు. వడ్డీ రేటు ఆరున్నరకు తగ్గితే అది 650 రూపాయలు అవుతుంది. ఈలోగా నోటుపుస్తకం, సైకిలు, బస్‌పాస్ ధరలు ఎన్నో రెట్లు పెరిగిపోతాయి. మొదట్లో ఏడాది పుస్తకాలకు సరిపోయిన బహుమతి, రెండు దశాబ్దాలకు ప్రశంసాపత్రంతో సమానమైపోతుంది. కొంత వడ్డీని ఏటా అసలులో కలిపే నియమం మొదటే పెట్టుకున్న నిధులు నిలుస్తాయి. తక్కినవి పేరుకు మిగులుతాయి.

మరో పరిమితి ఎంపికలో ఉంది. మొదటి మార్కుల విద్యార్థికిచ్చే బహుమతి ఏడాది పొడవునా బడికి వచ్చినవారికే దక్కుతుంది. ఏడో తరగతిలో పత్తి చేలకు వెళ్లిపోయిన అమ్మాయి ఆ పోటీలోకే రాదు.

మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్

ఈ పరిమితిని దాటిన స్మారక సంస్థ ఎం.వి. ఫౌండేషన్. మామిడిపూడి వెంకటరంగయ్య నెల్లూరు జిల్లాలో 1889లో పుట్టిన రాజనీతి శాస్త్రవేత్త, చరిత్రకారుడు. ఆంధ్రప్రదేశ్‌లో స్వాతంత్ర్య పోరాట చరిత్రను నాలుగు సంపుటాలుగా వెలువరించారు. 1968లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆయన పేరిట కుటుంబం 1981లో హైదరాబాదులో ఈ సంస్థను నెలకొల్పింది. సామాజిక మార్పుపై పరిశోధన దాని తొలి లక్ష్యం.

సంస్థ దారి మార్చినవారు వెంకటరంగయ్య మనుమరాలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయ రాజనీతి ఆచార్యులు శాంతా సిన్హా. 1980లలో శ్రామిక విద్యాపీఠం బాధ్యతల్లో ఉండగా ఆమె రంగారెడ్డి జిల్లాలో వెట్టి నుంచి బయటపడిన పిల్లలను బడికి సిద్ధం చేసే శిబిరం నిర్వహించారు. అప్పుకు బదులుగా పిల్లవాణ్ని ఆసామి దగ్గర జీతానికి పెట్టడం అప్పటి తెలంగాణ పల్లెల్లో మామూలు విషయం. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చినా, పశువుల వెంట తిరిగే పదేళ్ల జీతగాడి రోజువారీ బతుకులో మార్పేమీ రాలేదు. 1991లో ఫౌండేషన్ ఆ జిల్లాలోని మూడు గ్రామాలతో ఈ పని చేపట్టింది. 1999 నాటికి అది 500 గ్రామాలకు విస్తరించింది.

ఫౌండేషన్ సూత్రాలు సూటిగా ఉంటాయి. పిల్లలంతా పగటిపూట నడిచే పూర్తికాలపు బడిలోనే ఉండాలి. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే. పిల్లలు చేసే పని ఏదైనా హాని చేసేదే. పేదరికం పేరుతో బాలకార్మికత్వాన్ని సమర్థించకూడదు. అప్పటి 1986 బాలకార్మిక చట్టం ప్రమాదకరమైన పనులను మాత్రమే నిషేధించింది. పొలం పని, ఇంటి పని ఆ జాబితాలో లేవు. ఆ స్థితిలో ఈ మాట అనడానికి గుండెదిటవు కావాలి.

బడి మానేసి నాలుగైదేళ్లయిన పన్నెండేళ్ల బిడ్డను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో వెళ్లిపోతాడు. అందుకే బ్రిడ్జి శిబిరాలు వచ్చాయి. మొదట ఆటలు, పాటలు, తోటివారితో స్నేహం, ఆ తర్వాత అక్షరాలు, లెక్కలు. కొన్ని నెలలకు వయసుకు తగిన తరగతిలో చేర్పిస్తారు. జనన ధ్రువపత్రం, టీసీ, సంక్షేమ హాస్టల్లో సీటు వంటి అడ్డంకుల దగ్గర కార్యకర్తలు తోడుంటారు. పిల్లను బడికి పంపినందుకు తల్లిదండ్రులకు డబ్బు ఇవ్వడాన్ని సంస్థ ఎంచుకోలేదు. చదివించాలన్న కోరిక పేద తల్లిదండ్రుల్లోనూ బలంగా ఉంటుందని, వారికి దారి, ధైర్యం కావాలని దాని నమ్మకం. గ్రామాల్లో బాలల హక్కుల పరిరక్షణ వేదికలు, ప్రభుత్వ ఉపాధ్యాయులతో బాలకార్మిక విమోచన వేదిక ఏర్పడ్డాయి.

ఈ కృషికి శాంతా సిన్హా 1998లో పద్మశ్రీ, 2003లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్నారు. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘానికి తొలి అధ్యక్షురాలయ్యారు. బడి బయటి పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలన్న నియమం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్‌లో ఉంది. మూడు గ్రామాల్లో పరీక్షించి చూసిన ఆలోచన ఇప్పుడు దేశమంతటికీ వర్తించే చట్టంలో కనిపిస్తుంది.

బెంగళూరు కేంద్రంగా

1999లో ఇన్ఫోసిస్ సహ వ్యవస్థాపకుడు ఎస్.డి. శిబులాల్, ఆయన భార్య కుమారి, శిబులాల్ తల్లిదండ్రుల పేరిట సరోజినీ దామోదరన్ ఫౌండేషన్ స్థాపించారు. దాని ‘విద్యాధన్’ పథకం కేరళలో మొదలై కర్ణాటక, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకూ మరికొన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పేద కుటుంబాల పిల్లలను రాతపరీక్ష, ఇంటర్వ్యూల ద్వారా ఎంపిక చేసి ఇంటర్మీడియట్‌కు, బాగా చదివేవారికి ఆపై చదువులకు కూడా తోడ్పడుతుంది. పదో తరగతి దాటాక పిల్లలు చదువు మానే ముప్పు ఎక్కువ కాబట్టి ఈ ఎంపిక దశ సరైనదే.

తరగతి గదికి ఉత్సాహం తేవడంలో అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ పేరు చెప్పుకోవాలి. ఇది స్మారక సంస్థ కాదు. రాంజీ రాఘవన్ 1999లో స్థాపించిన ఈ సంస్థకు చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర 172 ఎకరాల ప్రాంగణం ఉంది. ప్రయోగశాల లేని ప్రభుత్వ పాఠశాలలకు వ్యాన్ల మీదా, మోటారు సైకిళ్ల మీదా విజ్ఞాన పరికరాలు తీసుకెళ్లి పిల్లల చేతే ప్రయోగాలు చేయిస్తుంది. గణిత శాస్త్రవేత్త శ్రీనివాస రామానుజన్ పేరిట 2017లో ఆ ప్రాంగణంలో గణిత పార్కు ప్రారంభమైంది. ఉపకార వేతనం ఒక్క విద్యార్థికి అందుతుంది. ఇలాంటి ప్రయోగశాల తరగతి మొత్తానికి అందుతుంది.

మడివాళ, కోరమంగల, బీటీఎం లేఔట్ ప్రాంతాలు ఉద్యోగాలకు వచ్చిన తెలుగు యువతకు నివాసాలు. శుక్రవారం రాత్రి హైదరాబాదుకూ కోస్తా, రాయలసీమ ఊళ్లకూ వెళ్లే ప్రైవేటు బస్సులు మడివాళ నుంచి బయలుదేరుతాయి. ఇలా ఊరికి రాకపోకలు సాగించే తరం చేతికి ఇప్పుడు చిన్న స్మారక నిధులు వస్తున్నాయి. పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో చందాలు పోగవుతాయి. మాస్టారి వర్ధంతి నాడు పాత బడిలో బహుమతులు ఇస్తారు.

నిధి నిర్వహణ, అందులోని చిక్కులు

చట్టబద్ధమైన సంస్థకు ట్రస్టుగా గానీ సొసైటీగా గానీ రిజిస్ట్రేషన్ ఉంటుంది. దాతలకు ఆదాయపన్నులో మినహాయింపు రావాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. విదేశీ విరాళాలకు విడిగా నమోదు తప్పనిసరి. 2013 నాటి కంపెనీల చట్టం పెద్ద కంపెనీలు లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుచేయాలనడంతో విద్యకు కొత్త వనరులు వచ్చాయి.

ఒకే చేతి మీద ఆధారపడే సంస్థలకు ఎదురయ్యే ప్రమాదాన్ని బైర్రాజు ఫౌండేషన్ అనుభవం చెబుతుంది. బైర్రాజు సత్యనారాయణ రాజు స్మారకంగా 2001లో ఏర్పడి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో విద్య, వైద్యం, తాగునీటి రంగాల్లో విస్తారంగా పనిచేసిన ఆ సంస్థ, 2009 జనవరిలో ఆ కుటుంబం నడిపిన సత్యం కంప్యూటర్స్‌లో లెక్కల మోసం బయటపడ్డాక బాగా కుంచించుకుపోయింది. గ్రామాలకు ఆ సేవల అవసరం ఏమాత్రం తగ్గలేదు. నిధి ఆగిపోయింది.

ప్రభుత్వ పథకాలతో సమన్వయం కూడా అవసరం. 2008లో మొదలైన జాతీయ ప్రతిభా ఉపకార వేతనం (ఎన్‌ఎంఎంఎస్) ఎనిమిదో తరగతిలో పరీక్ష పెట్టి, దేశవ్యాప్తంగా ఏటా లక్షమందిని ఎంపిక చేసి, తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు సాయమందిస్తుంది. మొదట ఏడాదికి 6,000 రూపాయలుగా ఉన్న మొత్తం తర్వాత 12,000 అయింది. ఈ పరీక్షకు పల్లె పిల్లలను తయారుచేయడం, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా సమకూర్చడం చిన్న నిధులు తేలిగ్గా చేయగల పని. వెచ్చించిన కొద్ది సొమ్ముకు నాలుగేళ్ల సాయం విద్యార్థికి దక్కుతుంది.

అంచనా

ఈ చరిత్ర అంతా చూస్తే నిధి పరిమాణంకన్నా సాయం అందే వేళే ఎక్కువ పని చేసిందని తేలుతుంది. ఇంజినీరింగ్ సీటు వచ్చాక ఇచ్చే పెద్ద మొత్తానికి విలువ ఉంది. కానీ ఐదో తరగతి తర్వాత పక్కూరి బడికి వెళ్లడానికి సైకిలు, పదో తరగతి తర్వాత కాలేజీలో చేరడానికి మొదటి ఫీజు, ఈ రెండు మలుపుల్లో అందే చిన్న సాయం ఒక బిడ్డ చదువు ఆగకుండా కాపాడుతుంది. కాబట్టి కొత్తగా నిధి పెట్టేవారు తమ ఊరి బడి హాజరుపట్టీ ముందు చూడాలి. ఏ తరగతి దగ్గర ఎందరి పేర్లు రాలిపోతున్నాయో, అందులో ఆడపిల్లలెందరో తెలుసుకుని, ఆ తరగతికి నిధిని కేటాయించాలి. వడ్డీలో కొంత అసలుకు కలపాలి, లెక్కలు ఏటా గ్రామం ముందు పెట్టాలి. మొదటి మార్కులకు బహుమతి ఉండనే ఉండాలి. దాని పక్కనే, మానేసి తిరిగి బడికి వచ్చిన బిడ్డ పేర మరొక బహుమతి పెట్టిన నిధి, ఎవరి జ్ఞాపకార్థం ఏర్పడిందో ఆ మనిషికి నిజమైన గౌరవం చేసినట్టు.