శ్లీపద నిదానం: సుశ్రుతుని నుండి సుబ్బారావు వరకు



ఆయుర్వేదంలో చికిత్సకంటె ముందు నిలిచేది నిదానం. రోగనిర్ణయానికి ప్రాచీనాచార్యులు ఐదు ఉపాయాలను చెప్పారు: నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. కారణమేది, వ్యాధి రాకమునుపే పొడసూపే సూచన ఏది, వ్యక్తమైన లక్షణమేది, ఏ ఔషధాహారాలకు అది శాంతిస్తుంది, దేహంలో ఏ క్రమంలో పుట్టి పెరుగుతుంది అనే ఈ ఐదింటినీ విచారించక మందు ఇచ్చేవాడు చీకటిలో బాణం వేసినవాడే. ఈ నిదానపంచకం పూర్ణం కావడానికి ఒక్కొక్క వ్యాధి విషయంలో శతాబ్దాలు పట్టింది. శ్లీపదం అందుకు గొప్ప నిదర్శనం. తెలుగునాట దానినే బోదకాలు అంటారు.

కాశీరాజైన దివోదాస ధన్వంతరి ఉపదేశంగా వెలసిన సుశ్రుత సంహితలో, నిదానస్థానం 12వ అధ్యాయంలో, శ్లీపదం వర్ణితమైంది. వాత పిత్త కఫ భేదాలచేత అది మూడు విధాలు. అయితే కఫం లేనిదే ఆ గురుత్వం, ఆ స్థౌల్యం కలుగవని ఆచార్యుని నిర్ణయం. ఏడాది దాటినదీ, మిక్కిలి పెరిగినదీ, పుట్టవలె బుడిపెలు లేచినదీ అసాధ్యమన్నాడు. చికిత్సాస్థానంలో స్నేహస్వేదాలు, లేపనాలు, సిరావేధం విధించాడు. వీటన్నిటికంటె విశేషమైనది దేశనిరూపణ. పాతనీరు నిలిచి, అన్ని ఋతువులలోనూ చల్లగా ఉండే ప్రదేశాలలో ఈ వ్యాధి అధికంగా పుడుతుందని ఆయన గుర్తించాడు.

ఇక్కడ శ్రద్ధాళువులు ఒక జాగ్రత్త పాటించాలి. నిలువనీటిని గుర్తించాడు గనుక సుశ్రుతుడు దోమనూ క్రిమినీ కూడ ఎరుగునని చెప్పడం ఆ మహర్షికి గౌరవం కాదు. కాలు వాచే వ్యాధులన్నీ ఒకే కారణంవల్ల కలిగేవి అనడానికీ వీలులేదు. చూచినంత మేరకు యథాతథంగా చెప్పడమే ఆప్తుని లక్షణం. శ్లీపదం రూపాన్నీ, అది పుట్టే దేశాన్నీ ఆయన చూచి చెప్పాడు. సంప్రాప్తి రహస్యం మాత్రం సూక్ష్మదర్శిని వచ్చేవరకు మరుగుననే ఉండిపోయింది.

1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ అనే వైద్యుడు రోగుల రక్తంలో కదలాడే సూక్ష్మక్రిములను చూచాడు. 1876లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో జోసెఫ్ బాంక్రాఫ్ట్ పెద్ద క్రిమిని కనుగొన్నాడు. దారంవంటి ఆ క్రిములు శోషరస నాళాలలో ఏళ్ల తరబడి నివసించి, వాటి ప్రవాహాన్ని చెరుస్తాయి. వాటి సంతానమే రక్తంలో తిరిగే మైక్రోఫైలేరియా. 1877లో చైనాలోని అమోయ్ రేవుపట్టణంలో ప్యాట్రిక్ మాన్సన్, రోగిని కుట్టిన దోమ కడుపులో ఆ క్రిమిశిశువులు పెరగడాన్ని దర్శించాడు. పగలు తీసిన రక్తంలో కానరాని ఆ క్రిములు నడిరాత్రి వేళ విస్తారంగా కనిపిస్తాయని కూడ ఆయనే నిరూపించాడు. లోకం నిద్రించే వేళ మేల్కొన్నవానికే ఈ వ్యాధి తత్త్వం తెలిసింది. నేటికీ ఫైలేరియా సిబ్బంది రాత్రివేళ ఇంటింటికీ వచ్చి వేలి చివర నుండి రక్తపు చుక్క తీసుకొనడానికి కారణమిదే.

మాన్సన్ కూడ ఒక చోట పొరబడ్డాడు. దోమ నీటిలో పడి చనిపోగా, ఆ నీరు త్రాగినవారికి వ్యాధి సోకుతుందని తలచాడు. 1900లో జార్జ్ కార్మైకేల్ లో దోమ తుండంలోనే క్రిములను చూపి, కాటు ద్వారానే అవి దేహంలో ప్రవేశిస్తాయని స్పష్టం చేశాడు. సంప్రాప్తి ఇట్లు తెలియవచ్చింది. అయినా ఔషధం లేదు.

ఆ లోటు తీరడంలో ముఖ్యపాత్ర ఒక తెలుగువానిది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు యౌవనంలో రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలని కోరుకొన్నాడు. కాని ఆయన మార్గం వైద్యవిద్య వైపే నడచింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధికి బలికావడం ఆయనను తీవ్రంగా కలచివేసింది. మద్రాసులో వైద్యవిద్య ముగించి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో బోధించి, 1922లో అమెరికా చేరి హార్వర్డ్‌లో పరిశోధన సాగించాడు. తరువాత లెడర్లే ప్రయోగశాలలలో ఆయన నేతృత్వంలోని బృందం, ఎలుకలలో ఫైలేరియా క్రిములపై ఎన్నో రసాయనాలను పరీక్షించి 1947లో డైఇథైల్ కార్బమజైన్‌ను లోకానికి అందించింది. హెట్రజాన్ అనే పేరుతో ప్రసిద్ధి పొందినది అదే. మరుసటి ఏడాదే ఆయన దివంగతుడైనాడు. కాషాయం ధరించకపోయినా ఆయన జీవితం లోకసేవకే సమర్పితమైంది.

ఈ ఔషధం రోగనిర్ణయానికి కూడ తోడ్పడడం విశేషం. పగటిపూట స్వల్పమాత్రలో ఇస్తే, రాత్రి మాత్రమే వెలికివచ్చే క్రిములు కొంతసేపటికే రక్తంలో కనిపిస్తాయి. ఔషధప్రయోగం చేత గూఢవ్యాధిని గుర్తించే ఉపశయాన్ని ఇది స్ఫురింపజేస్తుంది.

అయితే ఈ వ్యాధిలోని అసలు కష్టం వేరొకటి. క్రిములు రక్తంలో ఉన్నవారిలో అనేకులకు పూర్వరూపమూ లేదు, రూపమూ లేదు. వారు ఆరోగ్యవంతులుగానే తిరుగుతూ ఉంటారు. వారిని కుట్టిన దోమ పొరుగింటి పసివానికి క్రిమిని చేరవేస్తుంది. ఏళ్లు గడచి కాలు వాచిన తరువాత క్రిమిని చంపినా, స్థిరపడిన వాపు పూర్తిగా పోదు. నిత్యం శుభ్రంగా కడిగి, పొడిగా తుడిచి, పుండ్లు పడకుండ కాపాడుకొనడమే అప్పటి చికిత్స. సుశ్రుతుడు ముదిరిన శ్లీపదాన్ని అసాధ్యమనడంలోని అంతరార్థం ఇదే. లక్షణం కనిపించకముందే మందు పడాలి.

అందుకే 2004 నుండి వ్యాధిపీడిత జిల్లాలలో ఏటా అందరికీ మాత్రలు పంచుతున్నారు. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రవ్యాధిగ్రస్తులకు మినహాయింపు ఉంది. తక్కినవారిలో అనేకులు "నాకు జబ్బు లేదు, మందెందుకు?" అని మాత్రను పక్కన పెడతారు. మింగిన తరువాత కొందరికి జ్వరం, తలనొప్పి రావడం చూచి మరికొందరు భయపడతారు. ఆ బాధ తరచుగా క్రిములు నశించడంవల్ల కలిగేది. తన కోసం కాకపోయినా పొరుగువాని బిడ్డ కోసం మింగే ఆ మాత్ర లోకసంగ్రహమే.

ఇక కాలు వాచినవానిని చూచి పూర్వజన్మ పాపమనే నింద వేసేవారున్నారు. కర్మసిద్ధాంతం తన్ను తాను శోధించుకొనడానికి ఉన్నది. ఎదుటివానిని తూచడానికి కాదు. ఆయుర్దాయం సర్వం నియతమే అయితే ఔషధాలతో పని ఏమున్నదని చరకుడు విమానస్థానంలో విచారించి, దైవంతోపాటు పురుషకారానికీ స్థానమిచ్చాడు. రోగిని సంబంధాలకు, పనికి, దేవాలయానికి దూరం చేసే చూపు శాస్త్రసమ్మతం కాదు. ఆ కాలిని తాకడంవల్ల వ్యాధి సోకదు. సోకేది దోమవల్ల, దోమ పెరిగేది ఇంటి ముంగిట నిలిచిన మురికినీటిలో.

కావున ఆ నీటిని తొలగించినవాడు, రాత్రివేళ రక్తపరీక్షకు చేయి చాచినవాడు, మాత్రను మింగినవాడు, వాచిన పాదం గలవానికి పక్కన చోటిచ్చినవాడు, అందరూ ధన్వంతరి సేవకులే.

స్వస్తి.