సముద్రంలో గాలిమరలు: కంటికి కనిపించే ప్రభావం

సముద్రంలో నిలబెట్టే గాలిమరలు ఒడ్డున ఉన్నవారికి ఎంత దూరం నుంచి, ఏ మేరకు కనిపిస్తాయో ముందే లెక్కగట్టడమే దృశ్య ప్రభావ అంచనా. బ్రిటన్‌లో పెద్ద ప్రాజెక్టుల అనుమతి దరఖాస్తులో ఇదీ భాగమే.

ఖమ్మం జిల్లా కల్లూరు, సత్తుపల్లి వైపు జనానికి సముద్రం దూరమే కానీ, ఆకాశాన్ని ఆక్రమించే విద్యుత్ కట్టడాలు కొత్త కాదు. పాల్వంచలో కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం) పాత ప్లాంటుకు వంద మీటర్లకు పైబడిన ఎనిమిది కూలింగ్ టవర్లు ఉండేవి. 2024 ఆగస్టు 5న పేలుడు పదార్థాలతో వాటిని కూల్చేశారు. దేశంలో పర్యావరణ ప్రభావ అంచనాను తప్పనిసరి చేసింది 1994లో. ఆ టవర్లు లేచింది అంతకు చాలా ముందు. అవి ఎవరి కంటికి ఎలా ఆనుతాయన్న విచారణ అప్పట్లో ఎక్కడిది?

సముద్రం మీద లెక్క వేరు. అక్కడ చెట్టూ గుట్టా అడ్డు రావు, భూమి వంపు ఒక్కటే అడ్డు. 250 మీటర్ల గాలిమర 40 కిలోమీటర్ల దూరంలో ఉంటే, విశాఖ ఆర్కే బీచ్ ఇసుకలో నిలబడ్డవారికి అడుగున సుమారు 80 నుంచి 100 మీటర్ల మేర కనబడదు. అదే కైలాసగిరి ఎక్కి చూస్తే దాదాపు మొత్తం కనిపిస్తుంది. అందుకే అంచనా వేసేవారు ముందు చూసే చోట్లను ఎంచుకుంటారు. గాలిమరలు ఎక్కడెక్కడి నుంచి కనిపించే వీలుందో మ్యాపు గీసి, ఆయా చోట్ల తీసిన ఫోటోల్లో వాటిని కొలత ప్రకారం అతికించి చూపుతారు. బ్రిటన్ తీరంలో జరిపి, 2013లో వెలువరించిన పరిశీలన ప్రకారం 16 కిలోమీటర్ల దాకా అవే చూపును లాగేస్తాయి. మామూలుగా చూసేవారూ 29 కిలోమీటర్ల దాకా వాటిని గుర్తుపడతారు.

ఈ ప్రభావం తగ్గించడానికి గాలిమరల రంగు మార్చినందువల్ల ఒరిగేది కొంతే. ఎక్కడ, ఏ వరుసలో నిలబెట్టారన్నదే అసలు సంగతి. కోపెన్‌హేగెన్ ఎదుట మిడెల్‌గ్రుండెన్‌లో మొదట 27 గాలిమరలను మూడు వరుసల్లో అనుకున్నారు. జనాభిప్రాయం విన్నాక 20కి తగ్గించి, విల్లు వంపులో ఒకే వరుసగా 2000లో నిలబెట్టారు. తీరానికి మూడున్నర కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా నగరం వాటిని తనవిగా చేసుకుంది. ఇంగ్లండ్‌లో జురాసిక్ తీరం ఎదుట తలపెట్టిన నావిటస్ బే ప్రాజెక్టును మాత్రం ప్రధానంగా దృశ్య ప్రభావం కారణంగానే 2015లో ప్రభుత్వం తిరస్కరించింది.

గాలిమరల మీద రాత్రిళ్లు మిణుకుమనే ఎర్ర దీపాలది మరో బాధ. విమానం దగ్గరకొచ్చినప్పుడే వెలిగే ఏర్పాటును జర్మనీ చట్టం తప్పనిసరి చేసింది.

ఇక మన దేశానికొస్తే, భారత్ 2015లో సముద్ర పవన విద్యుత్ విధానం తెచ్చింది. 2024లో కేంద్రం ఆమోదించిన రూ.7,453 కోట్ల పథకంలోని తొలి 1,000 మెగావాట్లను గుజరాత్, తమిళనాడు తీరాలకే కేటాయించారు.