మార్కాపురం పలకలు – సంరక్షకుని లెక్క

అనాథల సంరక్షకులకు దివ్య ఖుర్‌ఆన్, సూరా అన్నిసా ఆరవ ఆయత్‌లో, కొన్ని విధులు నిర్ణయించింది. పిల్లలను పరీక్షిస్తూ ఉండాలి. వివేకం కనబడిన పిమ్మట వారి ఆస్తి వారికి అప్పగించాలి. అప్పగించునప్పుడు సాక్షులను పెట్టుకోవాలి. ఇది ఆస్తికి సంబంధించిన ఆదేశమే అయినా, పరుల బిడ్డల కొరకు ధనం చేతబట్టిన ప్రతి వ్యవస్థకూ కొలబద్ద కాగలదు. ఇందుకు మార్కాపురం ప్రాంత చరిత్రలో ఒక ఉదాహరణ ఉన్నది.

1970లో ఒంగోలు జిల్లా ఏర్పడే వరకు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. ఆ కొత్త జిల్లాకు 1972లో ప్రకాశం పేరు వచ్చింది. మెట్టసేద్యం, తరచు అనావృష్టి గల ఈ పశ్చిమ సీమలో మార్కాపురం పలకరాయి అనేక కుటుంబాలకు కూడుపెట్టింది. రాయి తవ్వి, పలచగా చీల్చి, కోసి, చెక్కచట్రం బిగించే పనులలో పిల్లలు కూడా ఉండేవారు. రాతిపొడి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. బడిపిల్లల పలకలు తయారుచేసే ఆ బాలలకు మాత్రం బడి దూరమే.

1986లో బాలకార్మిక చట్టం, 1987లో జాతీయ బాలకార్మిక విధానం వచ్చాయి. 1988లో దేశంలో మొదట చేపట్టిన బాలకార్మిక ప్రాజెక్టులలో మార్కాపురం ఒకటి. ప్రత్యేక పాఠశాలలలో చదువు, వృత్తిశిక్షణ, భోజనం, వైద్యపరీక్ష, నెలసరి భృతి ఏర్పరచారు. పిల్లలను మామూలు బడికి చేర్చుటే వాటి లక్ష్యం. 1996 డిసెంబరు 10న సుప్రీంకోర్టు, ముందుగా దృష్టి పెట్టవలసిన పరిశ్రమలలో మార్కాపురం పలకల పరిశ్రమను పేర్కొన్నది. ఒక్కొక్క బాలకార్మికునికి యజమాని 20,000 రూపాయలు చెల్లించాలనీ, ఆ ఇంటి పెద్దవారిలో ఒకరికి ప్రభుత్వం పని చూపాలనీ, లేనిచో 5,000 రూపాయలు జమచేయాలనీ తీర్పు చెప్పింది.

పదవ పంచవర్ష ప్రణాళిక నాటి నియమాలు మరింత ఆసక్తికరమైనవి. 5 నుండి 8 ఏండ్ల పిల్లలను నేరుగా మామూలు బడిలో చేర్చాలి. 9 నుండి 14 ఏండ్లవారిని ప్రత్యేక పాఠశాలలో చేర్చుకోవాలి. నెలకు 100 రూపాయల భృతిని బ్యాంకులో పిల్లల పేర జమచేసి, వారు మామూలు బడికి చేరిన తర్వాతనే ఇవ్వాలి. పైకి చూడగా ఇది ఆయత్ చెప్పిన పద్ధతినే తలపిస్తుంది. అయితే ఒక భేదం ఉన్నది. అనాథకు ముందే ఆస్తి ఉన్నది. ఈ బిడ్డకు ఉన్నది రెక్కల కష్టమే. కూలి నేడే పోతుంది, భృతి రేపటికి ఆగుతుంది. కనుక పరీక్ష బిడ్డకంటె ముందు ఆ ఇంటి పొయ్యికి వస్తుంది. పెద్దవారికి పని చూపాలన్న తీర్పులోని ఔచిత్యం ఇక్కడే తెలుస్తుంది.

ఇట్టి పథకాన్ని ఎట్లా కొలవాలి? 2001లో వి.వి. గిరి జాతీయ కార్మిక సంస్థ సమన్వయంతో ఈ ప్రాజెక్టులను దేశవ్యాప్తంగా మదింపు చేశారు. చేరినవారి సంఖ్య చెప్పుట సులభం. మామూలు బడికి చేరి అక్కడ నిలిచినవారెందరు, మధ్యలో మానినవారు ఎటు పోయారు అన్నవే అసలు ప్రశ్నలు. మరొక చిక్కు కూడా ఉన్నది. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి రాతిపలకకు గిరాకీ తగ్గింది. పని తగ్గినందువలన ఖార్ఖానా విడిచిన బాలుని పథకం ఖాతాలో వ్రాయుట న్యాయం కాదు. కరవుకు తల్లిదండ్రులతో వలసపోయిన బాలిక ఖార్ఖానాలో కనబడనంత మాత్రాన బడిలో ఉన్నదని తలచుటా తగదు.

2010 ఏప్రిల్ 1 నుండి విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది. 2016 సవరణ 14 ఏండ్లలోపు వారి పనిని అన్నిచోట్లా నిషేధించింది. కాని బడివేళలు కాని సమయంలో కుటుంబవృత్తిలో సాయపడుటను మినహాయించింది. ఇంటిలో సాగే పనికి ఇక సాక్షి ఎవరు? 2021లో ఈ బాలకార్మిక పథకం సమగ్ర శిక్షలో కలిసిపోయింది.

జకాత్ సొమ్ముతో పేదపిల్లలకు చదువు చెప్పించే మన సంఘాలకూ ఈ చరిత్ర వర్తిస్తుంది. పంచిన పుస్తకాల లెక్కతో అమానత్ తీరదు. ఏడాది గడచిన పిమ్మట ఆ బిడ్డ ఏ తరగతిలో ఉన్నదో, చదవగలుగుతున్నదో తల్లిని, ఉపాధ్యాయుని అడిగి వ్రాసుకోవాలి. వారే ఈ అమానత్‌కు సాక్షులు. లెక్క చూచుటకు అల్లాహ్ చాలునన్న మాటతో ముగిసిన ఆ ఆయత్‌లో పరీక్ష బిడ్డకు, లెక్క సంరక్షకునికి.