మాహ్ లఖా బాయి చందా: గాయని చరిత్రకు ఆధారాలు

ధ్వనిముద్రణ యంత్రం 1877లో వెలువడింది. అంతకు పూర్వపు గాయనీగాయకుల చరిత్ర రచనలో ప్రధానాధారం కావలసిన స్వరమే లభించదు. జర్మన్ ఒపెరా గాయని విల్‌హెల్మీన్ ష్రోడర్-డెవ్రియెంట్ (1804–1860) ప్రతిభ నేడు మనకు ఎక్కువగా వాగ్నర్ వంటి సమకాలికుల రాతల ద్వారానే తెలుస్తున్నది. హైదరాబాదు ఆస్థాన గాయని మాహ్ లఖా బాయి చందా (1768–1824) తన స్మృతికి కావలసిన ఆధారాలను చాలావరకు తానే సమకూర్చుకొన్నది. వాటిని గాయని వృత్తి దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చందా తల్లి రాజ్ కున్వర్. సంగీతంలో గురువు ఖుషాల్ ఖాన్ అనూప్; ఆయన రాగశాస్త్ర గ్రంథకర్త కూడా. రెండవ నిజాం అలీఖాన్ (పాలన 1762–1803) ఆస్థానంలో ఆమె గానానికీ నృత్యానికీ ప్రసిద్ధి పొందింది. ‘మాహ్ లఖా’ (చంద్రముఖి) నిజాం ఇచ్చిన బిరుదు.

ఆమె ఉర్దూ గజళ్ల దివాన్ 1798లో కూర్చబడింది. ఇందులో 125 గజళ్లున్నాయి. ఉర్దూలో దివాన్ కూర్చిన తొలి మహిళ ఈమేనన్న అభిప్రాయం చాలాకాలం ప్రచారంలో ఉండేది. లుత్ఫున్నీసా ఇమ్తియాజ్ దివాన్ అంతకు ఏడాది ముందుదని తరువాత తేలింది. అయితే ఈ దివాన్ ప్రాముఖ్యం ప్రాథమ్యంపై ఆధారపడినది కాదు. 1799లో తాను ప్రధాన నర్తకిగా పాల్గొన్న ప్రదర్శన మధ్యలోనే చందా ఒక ప్రతిని కెప్టెన్ జాన్ మాల్కమ్‌కు బహూకరించింది. ఆ విషయం ప్రతిపైనే నమోదై ఉంది. ప్రతి నేడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. సభతోపాటు ముగిసిపోయే కళకూ, సభను దాటి నిలిచే గ్రంథానికీ ఉన్న సంబంధాన్ని ఈ ఒక్క ఘటన స్పష్టం చేస్తున్నది.

ఆమె పోషకురాలు కూడా. గులాం హుసేన్ ఖాన్ జౌహర్ ‘మాహ్‌నామా’ అనే చరిత్ర గ్రంథాన్ని ఆమె ప్రోత్సాహంతోనే రచించాడు. మౌలాలి గుట్ట పాదంలో తల్లికి 1792లో సమాధి కట్టించింది. 1824లో తానూ అక్కడే ఖననమైంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి ఆనుకొని ఉన్న అడిక్‌మెట్ ఆమె జాగీరు.

గ్రంథం, చరిత్ర, కట్టడం అన్న మూడు ఆధారాలూ ఇంత స్పష్టంగా ఉన్నా, ఆమెను ఆస్థాన వేశ్యగా మాత్రమే పేర్కొనే అలవాటు తరువాతి కాలంలో బలపడింది. ఇది తెలుగు సాహిత్య చరిత్రకు కొత్త కాదు. తంజావూరు ఆస్థానానికి చెందిన ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను కూడా కవయిత్రి వృత్తిని బట్టే తూచారు. 1910లో ఆ కావ్యాన్ని సమగ్రంగా పరిష్కరించి ప్రకటించిన బెంగుళూరు నాగరత్నమ్మ స్వయంగా గాయని కావడం గమనార్హం. గాయనిగా చందా స్థానాన్ని నిర్ణయించాలంటే దివాన్‌ను కవిత్వంగానే గాక, గానసభకు చెందిన పాఠంగానూ చదవాలి. ఆమె స్వరం ఇక వినబడదు. ఆ స్వరానికి ఆమె కూర్చిన సాహిత్యం మాత్రం మన ముందున్నది.